మిద్దె మీది పంటకు కొలత ఏది?

సోలార్ పలకలు పెట్టించుకున్న చాలా ఇళ్లలో గోడకు రెండు మీటర్లు ఉంటాయి. ఒకటి స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గరుండే నెట్ మీటరు. గ్రిడ్ నుంచి ఇంట్లోకి ఎన్ని యూనిట్లు వచ్చాయో, ఇంటి నుంచి గ్రిడ్‌కు ఎన్ని వెళ్లాయో రెండు లెక్కలూ అదే రాసుకుంటుంది. రెండోది ఇన్వర్టర్ పక్కన ఉండే జనరేషన్ మీటరు. దానివంక ఎవరూ పెద్దగా చూడరు. పలకల మీద పుట్టిన కరెంటు ఇన్వర్టర్ దాటి ఇంటి వైరింగులో కలిసే ముందు దాని గుండా పోతుంది. మిద్దె మీద మొత్తం ఎంత తయారైందో అధికారికంగా చెప్పగలిగేది అదొక్కటే. నెట్ మీటరు చెడిపోతే నెల తిరిగేలోపు సంగతి బయటపడుతుంది, ఎందుకంటే బిల్లు తేడాగా వస్తుంది. జనరేషన్ మీటరు చెడిపోతే ఏమీ జరిగినట్టుండదు. బిల్లు మామూలుగానే వస్తుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, ఫోన్‌లోని యాప్‌లో ఏవో అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. అందుకే డిస్‌ప్లే ఆరిపోయిన మీటరు నెలల తరబడి అలాగే గోడకు ఉండిపోతుంది. కంప్లయింట్ ఇద్దామని ఇంటివాళ్లకు తోచదు, ఎవరైనా ఇచ్చినా అది తొందరగా చూడాల్సిన పని అని విద్యుత్ సంస్థలో ఎవరికీ అనిపించదు. ఈ నిర్లక్ష్యం ఖరీదైనదని చెప్పడానికే ఈ కథనం. జనరేషన్ మీటరు ఆగిన రోజు నుంచి ఆ ఇంటివాళ్ల చేతిలో రుజువు అనేది ఉండదు. పలకలు సరిగా పనిచేస్తున్నాయో లేదో, అమ్మినవాడు మాట నిలుపుకున్నాడో లేదో, ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీకి ఫలితం దక్కిందో లేదో చూపించే లెక్క అక్కడితో తెగిపోతుంది. కాబట్టి బిల్లు మీటరుకు ఉన్న హక్కులన్నీ ఈ మీటరుకూ ఉండాలి, ఇంటివాళ్లు కూడా దాన్ని అంతే శ్రద్ధగా చూసుకోవాలి.

ఇందులో ఇమిడి ఉన్న డబ్బు చిన్నది కాదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. దానికి కేంద్రం కేటాయించిన మొత్తం 75,021 కోట్ల రూపాయలు. ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లు ఆపైన పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మిగతాది ఇంటివాళ్లు సొంత డబ్బో, బ్యాంకు అప్పో పెట్టుకుంటారు. ఈ పెట్టుబడి తిరిగొచ్చేది నెలనెలా, పాతికేళ్ల పాటు, యూనిట్ల రూపంలో. మన ప్రాంతపు ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయన్నది అందరూ వాడే లెక్క. మూడు కిలోవాట్ల మిద్దె అంటే రోజుకు పన్నెండు, ఏడాదికి నాలుగు వేల మూడు వందల పైచిలుకు. అమ్మేటప్పుడు ఈ అంకె చెప్పని కంపెనీ ఉండదు. కొన్న తర్వాత ఆ అంకె వస్తోందా లేదా అన్నది కొన్నవాళ్లే చూసుకోవాలి, చూసుకోవడానికి వాళ్లకున్న సాధనం ఆ చిన్న మీటరే.

పథకం కింద పెట్టించుకున్నవాళ్లు కంపెనీతో చేసుకునే నమూనా ఒప్పందంలో ఒక షరతు ఉంది. దాని విలువ చాలామందికి తెలియదు. ప్లాంటు మొదలుపెట్టే రోజున దాని పనితీరు నిష్పత్తి 75 శాతం ఉండాలి, ఆ తర్వాత ఐదేళ్ల వారంటీ కాలమంతా కంపెనీ దాన్ని నిలబెట్టాలి. ఈ నిష్పత్తిని కట్టడం కష్టమేమీ కాదు. మిద్దె మీద పడిన ఎండను బట్టి, ఏ నష్టమూ లేకపోతే ఎన్ని యూనిట్లు రావాలో చూస్తారు, నిజంగా ఎన్ని వచ్చాయో దానితో పోలుస్తారు. మంచి ఎండ ఉన్న రోజున చదరపు మీటరుకు 5.5 యూనిట్ల ఎండ పడిందనుకుందాం. మూడు కిలోవాట్ల పలకలకు లెక్క ప్రకారం 16.5 యూనిట్లు రావాలి. అందులో 75 శాతమంటే 12.4. వైర్లలో, ఇన్వర్టర్‌లో, వేడిలో, దుమ్ములో పోయేది పోగా ఇంతైనా రావాలని కంపెనీ సంతకం పెట్టి ఒప్పుకుంది. అయితే ‘నిజంగా వచ్చిన యూనిట్లు’ అన్న అంకె లేకపోతే ఈ షరతు కాగితానికే పరిమితం. మూడో ఏట ఉత్పత్తి పడిపోయిందని ఇంటివాళ్లు అడిగితే, ఏం చూసి చెబుతున్నారని కంపెనీ మొదటి మాటగా అడుగుతుంది. మీటరు ఆగి ఉంటే దానికి జవాబు ఉండదు.

బిల్లు చూస్తే తెలియదా అని అడిగేవాళ్లుంటారు. తెలియదు, దాన్ని లెక్క వేసి చూపించవచ్చు. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు, 350 యూనిట్లు పండించే మిద్దె అనుకుందాం. అందులో 210 గ్రిడ్‌కు పోయాయి, రాత్రిళ్లు గ్రిడ్ నుంచి 160 వచ్చాయి. బిల్లులో 50 యూనిట్లు ఇంటి ఖాతాలో మిగులుగా కనిపిస్తాయి. ఇప్పుడు ఒక వరస పలకలకు వైరు వదులై ఉత్పత్తి 250కి పడిపోయింది. వాడకం అదే 300. బిల్లులో 50 యూనిట్లు కట్టాల్సినవిగా తేలతాయి. ఇంకో ఇంట్లో పలకలు బ్రహ్మాండంగా 350 పండించాయి, కానీ ఎండలకు ఏసీ వాడకం పెరిగి ఖర్చు 400 అయింది. అక్కడా కట్టాల్సింది సరిగ్గా 50 యూనిట్లే. ఒక ఇంట్లో వంద యూనిట్ల పంట పోయింది, ఇంకో ఇంట్లో వంద యూనిట్లు ఎక్కువ వాడారు, రెండు బిల్లుల మీదా ఒకటే అంకె. నెట్ మీటరు చూసేది గడప దగ్గర రాకపోకలను మాత్రమే. ఇంట్లో పుట్టి ఇంట్లోనే ఖర్చయిపోయిన కరెంటు దాని కంట పడదు. ‘ఈ నెల ఎక్కువ వాడేశాం కాబోలు’ అని సరిపెట్టుకునే ప్రతి ఇంట్లోనూ పలకల్లో లోపం ఉండి ఉండవచ్చు. ఆ అనుమానాన్ని తీర్చగలిగేది జనరేషన్ మీటరు అంకె. ఉత్పత్తిలోంచి గ్రిడ్‌కు పోయింది తీసేసి, గ్రిడ్ నుంచి వచ్చింది కలిపితే ఇంటి అసలు వాడకం వస్తుంది. మూడు అంకెలుంటేనే ఈ లెక్క కుదురుతుంది, ఒకటి పోతే మిగతా రెండూ సగం మాటే చెబుతాయి.

అంకె తగ్గింది కదా అని వెంటనే మీటరును అనుమానించడమూ తప్పే. పలకల సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. వేడి పెరిగేకొద్దీ డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పలక 60 డిగ్రీలకు కాగితే పన్నెండు శాతం దాకా పోతుంది. అందుకే ఎండ మండిపోయే మే కన్నా మార్చి, ఏప్రిల్ నెలల్లో మీటరు ఎక్కువ చూపించడం మామూలే. పట్టపగలు కరెంటు పోతే గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు ప్రమాదం లేకుండా ఆ ఏర్పాటు చేశారు. పల్లె ఫీడర్లలో మధ్యాహ్నం పూట వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్ తనంతట తానే కాసేపు ఆగడం కూడా ఉంది. పక్కింటి వాటర్ ట్యాంకు నీడ, ఎండాకాలపు దుమ్ము సరేసరి. ఇవన్నీ నిజమైన తగ్గుదలలు. మీటరు వాటిని చూపించిందంటే తన పని చేస్తున్నట్టే. లోపం పలకల్లో ఉందో మీటరులో ఉందో విడదీయడానికి ఇన్వర్టర్ తెర మీద ఉన్న అంకెతో పోల్చాలి. రెండూ కలిసి తగ్గాయంటే పలకలు, వైర్లు, నీడ సంగతి చూడాలి. ఇన్వర్టర్ మామూలుగా ఉండి మీటరు మాత్రం తగ్గిందంటే మీటరును అనుమానించాలి. రెండింటి మధ్య రెండు మూడు శాతం తేడా ఎప్పుడూ ఉంటుంది, దానికోసం ఎవరితోనూ పోట్లాడనక్కర్లేదు. నిన్నటి దాకా రెండు శాతం ఉన్న తేడా ఇవాళ ఇరవై అయిందంటే అది వేరే సంగతి.

ఇంకా గట్టి పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు, ఏ పెట్టె మూతా తియ్యకుండా. బ్యాటరీ లేని ఇంట్లో గ్రిడ్‌కు పోయిన యూనిట్లు ఎప్పటికీ తయారైన యూనిట్లను మించలేవు. నెలకు ఎక్స్‌పోర్ట్ 210, జనరేషన్ 190 అని ఉంటే రెండు మీటర్లలో ఒకటి తప్పు చెబుతోందని ఇంకే సాక్ష్యమూ లేకుండానే రుజువైపోతుంది. ఏ మీటరు అన్నది తేల్చుకోవడానికి, మబ్బు లేని మధ్యాహ్నం ఇంట్లోని సర్క్యూట్ల ఎంసీబీలన్నీ ఒక్కొక్కటిగా దించి, సోలార్ ఎంసీబీని మాత్రం అలాగే ఉంచాలి. ఇప్పుడు ఇంట్లో వాడకం సున్నా. తయారైనదంతా గ్రిడ్‌కే పోవాలి. అరగంటలో జనరేషన్ మీటరు ఎన్ని యూనిట్లు కదిలిందో ఎక్స్‌పోర్ట్ అంకె కూడా దాదాపు అంతే కదలాలి. కదలకపోతే ఇన్వర్టర్ అరగంటలో ఎంత చూపించిందో దానికి ఏ మీటరు దగ్గరగా ఉందో చూస్తే విషయం తేలిపోతుంది. మీటరు ముఖం మీద మినుకుమినుకుమనే ఎర్రదీపం కూడా ఊరికే పెట్టింది కాదు. యూనిట్‌కు ఎన్నిసార్లు వెలగాలో పక్కనే అచ్చువేసి ఉంటుంది. 1600 అని ఉంటే, ఇన్వర్టర్ 2.4 కిలోవాట్లు చూపిస్తున్నప్పుడు ఆ దీపం నిమిషానికి 64 సార్లు వెలగాలి. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి నిదానంగా లెక్కపెట్టుకోవచ్చు. నలభై సార్లే వెలిగితే మూడోవంతుకు పైగా లెక్క ఎక్కడో పోతోంది. మూడు ఫేజుల మీటరైతే ఒక ఫేజు వైరు వదులైనప్పుడు అంకె ఇలాగే సుమారు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అప్పుడు లోపం మీటరులో కాక దాని టెర్మినళ్ల దగ్గర ఉన్నట్టు. మాడిన వాసన, నల్లబడిన టెర్మినల్ మూత కనిపిస్తే పరీక్షలు పక్కనపెట్టి ముందు సోలార్ ఎంసీబీ దించెయ్యాలి, తర్వాత ఫోన్ చెయ్యాలి.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది, డబ్బులు నెట్ మీటరు మీద వస్తున్నప్పుడు జనరేషన్ మీటరుతో మనకేం పని అన్నది. ఈ మాట నెట్ మీటరింగ్ నడుస్తున్నంత కాలమే, అది కూడా సగమే నిజం. ఉత్పత్తి మీదే డబ్బులిచ్చే ఏర్పాట్లు మన దేశంలోనే ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వ సోలార్ విధానం మూడు కిలోవాట్ల లోపు ఇళ్లకు తయారైన ప్రతి యూనిట్‌కూ మూడు రూపాయలు, పది కిలోవాట్ల లోపు వాటికి రెండు రూపాయలు చొప్పున ఐదేళ్లపాటు ప్రోత్సాహకంగా ఇస్తామంది. మూడు కిలోవాట్ల మిద్దెకు అది ఏడాదికి పదమూడు వేల రూపాయల మాట. మీటరు మూడు నెలలు ఆగితే మూడు వేల పైన చేజారినట్టే. బ్రిటన్‌లో 2010 ఏప్రిల్‌లో మొదలైన ఫీడ్ ఇన్ టారిఫ్ మొత్తం జనరేషన్ మీటరు చుట్టూనే తిరిగింది. చిన్న ఇళ్లకు మొదట్లో యూనిట్‌కు 41.3 పెన్స్ దాకా కట్టారు, తొలినాళ్లలో చేరినవాళ్లకు పాతికేళ్ల పాటు చెల్లిస్తామన్నారు. 2019 మార్చి తర్వాత కొత్తవాళ్లను చేర్చుకోలేదు గానీ పాతవాళ్లకు చెల్లింపులు నడుస్తూనే ఉన్నాయి. అలాంటి ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ మీటరు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ చాలా ఇళ్లలో గ్రిడ్‌కు ఎంత పోయిందో కొలవరు. తయారైనదాంట్లో సగం పోయినట్టు లెక్కేసి కడతారు. కానీ ఎంత తయారైందన్నది మాత్రం మీటరు చెప్పాల్సిందే. మీటరు ఇంటివాళ్లదే, చెడిపోతే మార్పించుకునే బాధ్యతా వాళ్లదే. డబ్బు ముడిపడ్డ చోట ఈ మీటరుకు ఎంత విలువ ఇచ్చారో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన దగ్గర కూడా లెక్కలు ఎప్పటికీ ఇలాగే ఉండవు. పగలు సోలార్ ఉండే గంటల్లో రేటు మామూలు కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, ఎక్కువ వాడకం ఉండే గంటల్లో ఎక్కువ ఉండాలని 2023లో కేంద్రం వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. స్మార్ట్ మీటర్లు వచ్చేకొద్దీ ఏ గంటలో పండిన యూనిట్ విలువ ఎంత అన్న ప్రశ్న ఇళ్లదాకా వస్తుంది. పగటి పంటను ఇంట్లోనే వాడుకోవాలా, బ్యాటరీ కొనాలా, మోటారు ఏ వేళకు వేసుకోవాలి అని ఆలోచించే కుటుంబానికి గంటగంటకూ ఎంత పండుతోందో తెలియాలి. ఇవాళ చెడిపోయిన మీటరును పట్టించుకోని ఇల్లు అప్పుడు ఊహతో నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: ఇన్వర్టర్‌లో అన్ని అంకెలూ ఉన్నాయి, యాప్‌లో రోజువారీ గ్రాఫ్ కూడా వస్తోంది, ఇంకో మీటరు ఎందుకు? యాప్ ఉపయోగకరమైనదే, కాదనను. పైన చెప్పిన పోలికలన్నిటికీ అది కావాలి. కానీ పోల్చుకోవడానికి పనికొచ్చేదంతా సాక్ష్యంగా నిలబడదు. మీటరు అనే వస్తువు భారతీయ ప్రమాణాల ప్రకారం తయారై, నిర్ణీత తరగతి కచ్చితత్వానికి పరీక్షకు నిలిచి, విద్యుత్ సంస్థ వేసిన సీలుతో గోడకెక్కుతుంది. ఇళ్ల మీటర్లకు ఒకటో తరగతి కచ్చితత్వం, అంటే మామూలు లోడు దగ్గర ఒక శాతం లోపు తేడా ఉండాలన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నిబంధనల్లోనే ఉంది. ఇన్వర్టర్ లోపలి కొలత తన పని తాను నడుపుకోవడానికి పెట్టుకున్నది, దానికి సీలు లేదు. దాని అంకెలు ఇంటి వైఫై మీదుగా తయారీదారు సర్వర్‌కు వెళతాయి. వైఫై రెండు వారాలు లేకపోతే ఆ రెండు వారాల గ్రాఫులో ఖాళీ మిగలవచ్చు. ఇన్వర్టర్ మారిస్తే పాత లెక్క పాతదానితో పోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఉత్పత్తి తగ్గిందని నిలదీయాల్సింది ఎవరినో ఆ పక్షం చేతిలోనే లెక్క పుస్తకం కూడా ఉండటం. వాళ్లు మోసం చేస్తారని నేననడం లేదు. తగాదా వచ్చినప్పుడు రెండు పక్షాలకూ సంబంధంలేని కొలత ఒకటి ఉండాలి, అంతే.

మూడో అభ్యంతరం విధానం రాసేవాళ్ల నుంచి వస్తుంది. మీటరు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, చెడిపోయే వస్తువు ఇంకొకటి పెరుగుతుంది, చిన్న ఇళ్లకు దీన్ని తీసేస్తే పని తేలికవుతుంది అంటారు. ఒక కిలోవాట్ పెట్టుకునే ఇంటికి ప్రతి వెయ్యీ బరువే, ఈ మాటలో న్యాయం ఉంది. అయితే ఈ మీటరు అంకె వల్ల బాగుపడేది ఇంటివాళ్లు ఒక్కరే కాదు. విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కమ్‌లు, సరఫరా చేసే కరెంటులో ఇంత వాటా పునరుత్పాదక వనరుల నుంచి రావాలన్న నిబంధన ఉంది. మిద్దెల మీద పండే యూనిట్లు ఆ లెక్కలోకి చేరతాయి. 2023 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ చిన్నచిన్న వికేంద్రీకృత ప్లాంట్లకు విడిగా వాటా పెట్టింది: 2024-25లో 1.5 శాతం, 2029-30 నాటికి 4.5 శాతం. అందులోనే ఇంకో మాట ఉంది. ఉత్పత్తి వివరాలు ఇవ్వలేకపోతే, పెట్టిన సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్‌కు రోజుకు 3.5 యూనిట్లు పండినట్టు లెక్క కట్టుకోవచ్చు. దీని అర్థం ఏమిటో ఒక్క మిద్దెకు అన్వయించి చూస్తే తెలుస్తుంది. వైరు తెగి ఆరు నెలలుగా ఏమీ పండించని మూడు కిలోవాట్ల ప్లాంటు కూడా కాగితం మీద రోజుకు 10.5 యూనిట్లు ఇస్తూనే ఉంటుంది. చక్కగా పనిచేసి 12 యూనిట్లు ఇచ్చే పక్కింటి ప్లాంటు కూడా అదే 10.5. కోటి ఇళ్ల పథకం ఫలితాన్ని ఇలా అంచనాలతో కొలుచుకుంటే, ఏ జిల్లాలో ఏ కంపెనీ పెట్టినవి ఎక్కువగా ఆగిపోతున్నాయో ప్రభుత్వానికి ఎప్పటికీ తెలియదు. పలకలు బిగించినంత మాత్రాన సబ్సిడీ సార్థకమైనట్టు కాదు, అవి పండించాలి. కాబట్టి ఖర్చు గురించిన అభ్యంతరానికి సరైన జవాబు మీటరును తీసెయ్యడంలో లేదు, ఖర్చు ఎవరు భరించాలన్న దాంట్లో ఉంది. తమ లెక్కకు ఆ యూనిట్లు కావాలి కాబట్టి డిస్కమ్‌లే దాన్ని పెట్టి, మార్చి, చూసుకోవాలి. ఇంటివాళ్ల చేత కొనిపించి, చెడిపోయాక మీదే కదా అనడం న్యాయం కాదు.

చట్టం ఇప్పుడు ఎంతవరకు తోడుగా ఉందో చూద్దాం. సరైన మీటరు లేకుండా కరెంటు సరఫరా చేయకూడదని 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. ఉత్పత్తి నుంచి పంపిణీ దాకా లెక్క సరిగా ఉండటానికి ఏ దశలోనైనా మీటర్లు పెట్టించే అధికారాన్నీ అదే సెక్షన్ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థకు ఇచ్చింది. 2020 చివర్లో వచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం మీటరు మీద కంప్లయింట్ వస్తే 30 రోజుల్లోపు పరీక్షించాలి. 2024 ఫిబ్రవరి సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. రీడింగు తమ వాడకానికి తగ్గట్టు లేదని వినియోగదారు అంటే, ఐదు రోజుల్లో పక్కనే ఇంకో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. చాలా మంచి నియమం. కానీ దాని మాటల్ని జాగ్రత్తగా చదివితే అది వాడకం రీడింగు గురించే మాట్లాడుతుంది, ఉత్పత్తి రీడింగు ఊసు లేదు. అదే సవరణ పది కిలోవాట్ల లోపు సోలార్ దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదంది, ప్లాంటు మొదలుపెట్టే గడువును 30 రోజుల నుంచి 15కు తగ్గించింది. పెట్టించడానికి దారి సుగమం చేసిన నియమం పెట్టించాక పండిందో లేదో కొలిచే మీటరును మరచిపోయింది. జనరేషన్ మీటరుకూ ఆ ఐదు రోజుల హక్కు వర్తిస్తుందని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్లు తమ నిబంధనల్లో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది.

దానితోపాటు సరిచేయాల్సింది ఇంకొకటి ఉంది. మీటరు ఆగిన కాలానికి గత కొన్ని నెలల సగటు వేయడం విద్యుత్ సంస్థల అలవాటు. వాడకానికి అది కొంతవరకు చెల్లుతుంది. ఎండకు చెల్లదు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మబ్బుల సగటును ఫిబ్రవరికి, మార్చికి వేస్తే ఇంటికి అన్యాయం జరుగుతుంది, ఏప్రిల్ సగటును జూలైకి వేస్తే సంస్థకు. ఉత్పత్తి అంచనా కట్టాల్సి వస్తే నిరుడు అదే నెల రీడింగు తీసుకోవాలి. మొదటి ఏడాదే మీటరు చెడిపోతే అదే ఊళ్లో, అదే దిక్కుకు వంచిన ఇంకో మిద్దె కిలోవాట్‌కు ఎంత ఇచ్చిందో చూడాలి. ఈ లెక్కకు కావాల్సిన సమాచారం సంస్థ దగ్గరే ఉంటుంది, మీటర్లు సక్రమంగా చదువుతుంటే.

నిబంధనలు మారేలోపు ఇంటివాళ్లు చేయగలిగినదీ తక్కువేం కాదు. నెలకొకసారి, బిల్లు తీసే రోజునే, మూడు అంకెలూ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుని మీటర్ల ఫోటో తీసుకోవడం రెండు నిమిషాల పని. రెండు మీటర్ల నంబర్లు, సీలు నంబర్లు మొదటి పేజీలోనే ఉండాలి. తేడా కనిపించిన రోజున 1912కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకోవాలి. అక్కడితో ఆగకుండా ఏఈ ఆఫీసులో ఇన్వర్టర్ రీడింగు, మీటరు రీడింగు పక్కపక్కన చూపిస్తూ రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. ‘బిల్లు సరిగానే వస్తోంది కదండీ, దీంతో పనేముంది’ అని అక్కడ అంటారు. పైన చెప్పిన పనితీరు షరతును, ఐదేళ్ల వారంటీని చూపించి, రీడింగు లేకపోతే ఆ హక్కు పోతుందని కాగితం మీద రాయడమే దానికి జవాబు. అదే రోజు సోలార్ పెట్టిన కంపెనీకీ ఒక కాపీ పంపాలి. రీడింగు లేని కాలంలో పలకలు చెడిపోయి ఉంటే కంపెనీ తర్వాత తప్పించుకోకుండా ఆ కాపీ పనికొస్తుంది. నెలలోపు పరీక్ష జరక్కపోతే డిస్కమ్‌లో ఉండే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. చట్టం 42వ సెక్షన్ ఇచ్చిన దారి ఇది, వకీలు లేకుండానే నడవవచ్చు. ఎంత విసిగినా సీలు మాత్రం ముట్టుకోకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మీటరు విప్పించి వైరు బిగించుకున్నా, అది మీటరు జోలికి పోయిన నేరం కిందికి రావచ్చు. న్యాయం మన వైపున్న కేసు ఆ ఒక్క పనితో తిరగబడుతుంది.

మీటరు మార్చే రోజున ఇంటివాళ్లు తప్పకుండా దగ్గరుండాలి. పాత మీటరు డిస్‌ప్లే వెలుగుతుంటే ఆఖరి రీడింగు, కొత్తదాని మొదటి రీడింగు, రెండింటి నంబర్లు, కొత్త సీలు నంబరు ఒకే కాగితం మీద రాయించి, వచ్చిన సిబ్బంది సంతకం తీసుకోవాలి. కొత్త మీటరు సున్నా నుంచే మొదలవుతుందని అనుకోవద్దు. పరీక్ష గదిలో కొన్ని యూనిట్లు తిరిగి వచ్చే అవకాశం ఉంది. పాతదాన్ని పరీక్షకు తీసుకెళుతుంటే ఆ ఫలితం కాపీ తమకూ కావాలని అక్కడే రాసివ్వాలి. ఆ మధ్యాహ్నమే ఎంసీబీలు దించి అరగంట పరీక్ష ఇంకొకసారి చేస్తే, వైర్లు తిరగేసి బిగించారో లేదో సిబ్బంది వీధి మలుపు తిరిగేలోపే తెలిసిపోతుంది.